తవుడు పోసి కొన్న సమూయేలు

కృపావతమ్మ గారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. బైబిలు పాఠానికి వచ్చిన ఆడవాళ్ళు ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకునేవారు. అద్దాలు శుభ్రమయ్యాక కూడా జవాబు వచ్చేది కాదు. ఎప్పుడో జరిగిన ఒక సంగతి వచ్చేది.

ఒక రోజు తబిత అడిగింది. ఆమె దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న పిల్ల తబిత.

“అమ్మగారూ, మా అక్క కొడుక్కి సమూయేలని పెడదామంటున్నారు. అర్థం కనుక్కుని రమ్మన్నాడు మా బావ. దేవుడు విన్నాడని అర్థమంటారు మన గుడి అయ్యగారు. దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నవాడంటాడు మా పెదనాన్న. పట్నం నుంచి వచ్చిన ప్రసంగి అవేవీ కాదు, దేవుని పేరు అని చెప్పాడు. ఇందులో ఏది నిజం?”

పక్కనున్న ఆవిడ నవ్వింది. “ఏది నిజమైతే నీకేంటే? పేటలో నిలబడి సామేలూ అని కేకేస్తే సగం ఇళ్ళ తలుపులు తీస్తారు. ఇంకొకడు ఎక్కువవుతాడు, అంతే కదా.”

అదీ నిజమే. హెబ్రీ వాళ్ళ పేరది. గొడ్రాలని మాటలు పడ్డ హన్నా గుళ్ళో పెదవులు మాత్రం కదిలిస్తూ కొడుకు కోసం ఏడిస్తే, తాగి వచ్చిందనుకున్నాడట యాజకుడు. తర్వాత పుట్టిన కొడుక్కి ఆమె పెట్టుకున్న పేరు సమూయేలు. పాలు మాన్పించాక, అడిగిన చోటే వాణ్ణి దేవునికి ఇచ్చేసింది. ఆ పేరు దొరలతో ఓడెక్కి మన వైపుకి వచ్చింది. తాతల కాలంలో సమూయేలయ్య అయింది, తండ్రుల కాలంలో సామేలు, ఇప్పుడు బళ్ళో సామ్. పెట్టేవాళ్ళు మాత్రం తగ్గలేదు.

కృపావతమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని చెప్పిన సంగతి ఇది.

ఆవిడ చిన్నప్పుడు గెడ్డవాగు పక్క పేటలో రత్నమ్మ అని ఒకామె ఉండేది. ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఇద్దరూ పోయారు. మూడోవాడు పుట్టగానే ఆమె అత్త ఆ వైపు ఆనవాయితీ ప్రకారం వాణ్ణి అమ్మేసింది. పిల్లలు దక్కని ఇళ్ళల్లో అలా చేసేవారు. పక్కింటి గౌరమ్మకి మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఆమె చేటలో తవుడు తెచ్చి పోసి, ఖాళీ చేటలో బిడ్డను పెట్టుకుని గడప దాటింది. మళ్ళీ తిరిగొచ్చి, “నా గుంటణ్ణి నీ కాడ ఒగ్గుతున్నాను, పాలిచ్చి పెంచు” అని రత్నమ్మ ఒడిలో పెట్టింది. ఇక వాడు గౌరమ్మ బిడ్డ. వాడి పేరు తవుడు. చావు వచ్చి రత్నమ్మ కొడుకేడని వెతికితే, ఆ ఇంట్లో అలాంటివాడు లేడు.

రత్నమ్మ ఆ కట్టు తప్పలేదు. పాలిచ్చేది గానీ ముద్దు పెట్టుకునేది కాదు. నీ కొడుకు బాగున్నాడా అని ఎవరైనా అంటే, “నాకు కొడుకేటి? గౌరప్ప గుంటడు, బాగానే ఉన్నాడు” అనేది. గౌరమ్మ రోజూ వచ్చి వాడికి నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది. మొదట్లో ఆనవాయితీ కోసం. తర్వాత్తర్వాత ఎందుకోసమో ఎవరూ అడగలేదు.

బిడ్డను గుళ్ళో దేవునికి ప్రతిష్ఠించి పేరు పెట్టే ఆదివారం వచ్చింది. తవుడనే పేరు గుళ్ళో చెల్లదు, సమూయేలని పెట్టండన్నారు అప్పటి అయ్యగారు. మొగుడు సరేనన్నాడు. రత్నమ్మకి ఆ పేరే భయం. వీణ్ణి నేను అడిగి తెచ్చుకున్నానని పదిమందిలో చెప్పడమంటే, వీడు నావాడని చావుకి వేలు పెట్టి చూపించడమే. ఆమె వెనక చాప మీద తల వంచుకుని కూర్చుండిపోయి, గౌరమ్మను ముందుకి పంపింది. ఎన్నడూ ఆ గుడి మెట్లెక్కని గౌరమ్మ, మెళ్ళో తాయెత్తుతోనే బిడ్డను ఎత్తుకెళ్ళి నిలబడింది.

“తల్లి రావాలమ్మా” అన్నారు అయ్యగారు.

“నానే, బాబూ. తవుడు పోసినాను. ఊరందర్నీ అడుగు.”

జనం నవ్వారు. పోనీలే అనుకున్నారో ఏమో, అయ్యగారు అడగాల్సిన మాట అడిగేశారు. “ఈ బిడ్డను దేవునికి ఇస్తావా?”

గౌరమ్మ బిడ్డను రొమ్ముకి అదుముకుంది. “ఇచ్చీడమేటి? నానెవులికీ ఇవ్వను. నాకు ఆడొక్కడే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక చాప మీంచి రత్నమ్మ లేచి వచ్చింది. తను అనడానికి భయపడ్డ మాటని ఇంకొకామె అంత గట్టిగా అనేసింది మరి.

“అప్పా, ఆణ్ణి ఇటియ్యి. ఆణ్ణి అడిగింది నాను. ఏడ్సి ఏడ్సి అడిగినాను.”

గౌరమ్మ బిడ్డను వదల్లేదు. “అలాగైతే నా తవుడు నాకు పోసీ” అంది.

రత్నమ్మ పరుగున ఇంటికెళ్ళి చేటతో తవుడు తెచ్చింది. అంతసేపూ పాట లేదు, ప్రార్థన లేదు, గుడి గుడంతా కూర్చునే ఉంది. గౌరమ్మ చెంగు పట్టి తవుడు పోయించుకుని బిడ్డను ఇచ్చేసింది. చెంగు ముడి వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. రత్నమ్మ బిడ్డ పేరు సమూయేలని చెప్పింది. ఎంత చిన్నగా చెప్పిందంటే, అయ్యగారు రెండోసారి అడగాల్సి వచ్చింది.

కృపావతమ్మ గారు అక్కడ ఆగారు. తబిత ఊరుకోలేదు.

“బతికాడా అమ్మగారూ?”

“బతికాడు. మనవల్ని ఎత్తాడు. పేటంతా వాణ్ణి తవుడనే పిలిచేది. తల్లి కూడా అంతే, పోయేదాకా ఆ భయం వదల్లేదు ఆమెని. గౌరమ్మ మాత్రం, తవుడు తిరిగి తీసేసుకున్నాక ఆ పేరు పిలిచే హక్కు నాకు లేదనేది. నోరు తిరక్కపోయినా గోడ అవతల నిలబడి, సామేలూ, సామేలూ, అన్నానికి రా అని పిలిచేది.”

“మరి అర్థం?”

కృపావతమ్మ గారు లేచి చాప చుట్టడం మొదలుపెట్టారు.

“గౌరమ్మ అలా పిలిచేటప్పుడు నువ్వు వినుండాల్సింది” అన్నారు.