ఇరవై అయిదు అడుగుల దూరంలో తలుపు

మున్సిపాలిటీ కాలనీలో పోలినాయుడి ఇంట్లో ఉన్నది ముగ్గురే. ఊరందరికీ సరిపడా తెలివి మాత్రం తమ దగ్గరే ఉందని వాళ్ళ నమ్మకం. "దేవుడు మనకి ఇల్లు ఆలీసంగా ఇచ్చాడు గానీ బుర్ర ముందే ఇచ్చీసినాడు" అని పోలినాయుడు రోజూ పళ్ళు తోముకుంటూ అనేవాడు. పెళ్ళాం ఎర్నమ్మ తలూపేది. తల్లి అసిరితల్లి నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట, అదీ నిప్పు లోపలికి పెట్టి. అందుకని ఆవిడ కళ్ళతోనే ఔననేది.

ఆ చుట్టకే ముప్పొచ్చింది. ఒకరోజు మున్సిపాలిటీ మేస్త్రి గోడకి కాగితం అంటించి, చదివి వినిపించాడు. "ఇంటి తలుపుకి ఇరవై అయిదు అడుగుల లోపు చుట్టా బీడీ కాల్చకూడదు. కాలిస్తే ఇల్లు వెనక్కి తీసుకుంటాం."

పదేళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగితే వచ్చిన ఇల్లు. అమ్మ చూస్తే మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు, చుట్ట లేకపోతే ఆవిడకి ముద్ద దిగదు. పోలినాయుడు కొలిచి చూశాడు. మంచానికీ తలుపుకీ మధ్య తొమ్మిది అడుగులే.

చాలాసేపు ఆలోచించాడు. "అమ్మ కదల్నేదు. తలుపు కదుల్తాది కదేటి?" అన్నాడు.

"అందుకే గదా నిన్ను మనువాడినాను" అంది ఎర్నమ్మ.

అంతే, గునపం తెచ్చి తలుపుని గుమ్మంతో సహా పీకి, సరిగ్గా ఇరవై అయిదు అడుగులు కొలిచి, వాకిలి అవతల ఖాళీ జాగాలో పాతేశారు. పోలినాయుడు దానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. దొంగల భయం ఉంటుంది కదా మరి.

మధ్యాహ్నానికి మేకొకటి ఇంట్లోకొచ్చి బియ్యం మేసేసింది. మొగుడూ పెళ్ళాలు పరుగెత్తి వెళ్ళి తాళం లాగి చూశారు. గట్టిగానే ఉంది. మేక ఎటునుంచి వచ్చిందో వాళ్ళకి ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మేస్త్రి వచ్చి తల పట్టుకున్నాడు. "తలుపొక్కటే కాదయ్యా, అసలు కప్పు కింద పొగ ఉండకూడదు."

"ముందే సెప్పొచ్చు కద బాబూ" అన్నాడు పోలినాయుడు.

ఇంకేముంది, సాయంత్రానికి పైకప్పు రేకులన్నీ కింద ఉన్నాయి. ఆ మర్నాడు మేస్త్రి పైకి చూశాడు, ఆకాశం కనిపించింది. "నాలుగు గోడల మధ్య కాల్చకూడదని నా ఏడుపు!" అని వెళ్ళిపోయాడు.

"ఒక గోడ తీసేస్తే మూడే గదా" అన్నాడు పోలినాయుడు.

"మూడుంటే అనుమానం వస్తాది. పూర్తిగా తీసీ" అంది ఎర్నమ్మ.

మూడో రోజు మేస్త్రి వచ్చేసరికి మట్టి నేల మీద మంచం, మంచం మీద అసిరితల్లి, పైన పొగ. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "వెనక్కి తీసుకుందామంటే ఇల్లేదీ? ఇంక మీ ఇల్లు ఎవడూ తీసుకోలేడు" అని ఓ దండం పెట్టి వెళ్ళాడు.

పోలినాయుడికి కళ్ళనీళ్ళొచ్చాయి. అమ్మ చుట్టా దక్కింది, ఇల్లూ దక్కింది.

అంతలో జోరున వాన పట్టుకుంది. "తడిసిపోతన్నాన్రా, లోపలికి తీసుకెళ్ళండి" అని అసిరితల్లి గోల పెట్టింది. అంతే, తల్లిని మంచంతో సహా ఎత్తుకుని ఇద్దరూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. తాళం తీసి, కాళ్ళు తుడుచుకుని, మంచం అడ్డం తిప్పి నిలువు తిప్పి ఎలాగో గుమ్మం దాటించారు. తలుపు మూసి గొళ్ళెం పెట్టారు.

ముగ్గురి నెత్తినా వాన దంచుతూనే ఉంది. నిప్పు నోట్లోపల ఉంది కాబట్టి అసిరితల్లి చుట్ట ఆరలేదు. ఆవిడ గుప్పుమని పొగ వదిలింది. అది చూసి పోలినాయుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"తీసీయే అమ్మా! తలుపు పక్కనే ఉన్నాం. ఇల్లు పోతాది!"

అసిరితల్లి చటుక్కున చుట్ట తీసేసింది. వానకి అది చుయ్యిమని ఆరిపోయింది. ఎర్నమ్మ జల్లు లోపలికి కొట్టకుండా గొళ్ళెం ఇంకాస్త బిగించింది.