నగారా మీద అరచెయ్యి

చనిపోయిన చెల్లెలి పేర ఫాతిహా చదివించిన మరునాడు డాక్టర్ దస్తగిరి కొండమీది దర్గాకు వచ్చి, తన స్టెతస్కోపును గురువు ఫకీరప్ప స్వామి పాదాల దగ్గర పెట్టాడు.

"దీనితో నాకిక పని లేదు స్వామీ. వార్డుకు వెళ్లను."

కింద పట్టణంలోని ఆసుపత్రి ఆ వానాకాలమంతా డెంగీ రోగులతో నిండి ఉంది. స్వామికి ఆ సంగతి తెలుసు. అయినా వెళ్లమనలేదు.

"దేవుడి చిత్తమని సరిపెట్టుకోమని మాత్రం చెప్పకండి."

"చెప్పను."

"మాబున్నికి జ్వరం దిగింది. లేచి కూర్చుని, 'అన్నా, చారన్నం తెప్పించు' అంది. రక్తంలో వైరస్ కూడా తగ్గుముఖం పట్టింది. అంతా అయిపోయిందనుకున్న వేళ రక్తనాళాల గోడలు వదులై, లోపలి నీరంతా బయటికి ఊరిపోయింది. వైరస్‌ను చూసి ఒంట్లోని రక్షక కణాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి స్వామీ. శత్రువు తగ్గినా ఆ పిలుపులు ఆగలేదు. మాబున్నిని కాపాడవలసినవే దాన్ని చంపాయి. నేనెవరి మీద కోప్పడాలి?"

స్వామి లేచాడు. తన మట్టిగదిలోంచి ఎండుగడ్డి మోపు తెచ్చి, ఆ గది గోడ పక్కనే వేసి నిప్పంటించాడు.

"నగారా కొట్టు. నేను చెప్పేదాకా ఆపకు."

వేళగాని వేళ దర్గా నగారా మోగితే నిప్పంటుకున్నట్టని కొండవాలు పల్లెకు తెలుసు. జనం బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ముందుగా చేరిన తిరుపాలమ్మ కుమ్మరించిన నీళ్లకే మంట చచ్చింది. పొగ మాత్రం దట్టంగా లేచింది. నగారా మోగుతూనే ఉంది. వెనక వచ్చినవాళ్లకు పొగ కనబడింది, మోత వినబడింది. గోడమీద నీళ్లు చల్లి, మళ్లీ దర్గా నీళ్ల తొట్టి వైపు పరుగెత్తారు.

"ఆరిపాయ గదా డాక్టరయ్యా! ఇంగా యాల కొడతాండావ్?" అని అరిచింది తిరుపాలమ్మ.

"నువ్వు పక్కకు జరుగుమ్మే! నగారా మోగుతాంటే ఆరిందంటావేంది?" అంటూ ఎవరో ఆమె నెత్తిమీదుగానే బిందె ఒంపారు.

"స్వామీ, గోడ!" అన్నాడు దస్తగిరి.

స్వామి తల అడ్డంగా ఊపాడు.

వానలకు ఇదివరకే నానిన గోడ నడిమధ్య ఉబ్బి, ఒక్కసారిగా కూలిపోయింది.

అప్పుడు స్వామి నగారా మీద అరచెయ్యి ఆనించాడు. మోత అణగిపోయింది. బిందెలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఇల్లు కూలగొట్టుకునేదానికా సామీ మమ్మల్ని పిలిపించింది?" అంది తిరుపాలమ్మ, కొంగు పిండుకుంటూ.

స్వామి ఆమెకు చేతులు జోడించి, శిష్యుడి వైపు తిరిగాడు. "వీళ్ల మీద కోప్పడతావా?"

తడిసి, రొప్పుతూ నిలబడినవాళ్లను దస్తగిరి చూశాడు. కొందరి కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"మా వైద్యంలో ఈ చెయ్యి లేదు స్వామీ," అన్నాడు. "ఆ మోతను అణిచే మందు ఇంకా దొరకలేదు."

"దొరకలేదని మాబున్ని మంచం దగ్గరనుంచి లేచిపోయావా?"

"లేదు." దస్తగిరి గొంతు పెరిగింది. "నాళాల్లోకి నీళ్లు ఎక్కిస్తూనే ఉన్నాను. ఎక్కువైతే ఊపిరికి ముప్పు, తక్కువైతే గుండెకు ముప్పు. చుక్కచుక్కా చూసుకుంటూ కూర్చున్నాను. చావు ముందు తల వంచలేదు స్వామీ. ఇప్పుడూ వంచను!"

"ఈ పూట కింద నీ వార్డులో ఎంతమందికి జ్వరం దిగి ఉంటుంది?"

దస్తగిరి వంగి, కూలిన మట్టిని రెండు చేతులా ఎత్తబోయాడు.

స్వామి అతని చేతుల్లోని మట్టిని దులిపి, స్టెతస్కోపు పెట్టాడు.

"ఇది కూలిన గోడ. కూలనివి కింద ఉన్నాయి."