రివ్వమ్మ చెవులు, ఢంకన్న పాట

ఒకప్పుడు గబ్బిలాల చెవులు చింతగింజలంతే ఉండేవి. అవి కూడా మిగతా పిట్టల్లాగే పగలు తిరిగి, కళ్ళతో చూసి తిండి వెతుక్కునేవి. వెతుక్కునేవి అంటున్నాను గాని, వాటికి దొరికేదేముంది? గద్ద తన్నుకుపోగా, కొంగ మింగగా, ఏమైనా మిగిలితే కదా!

కొండగుహలో రివ్వమ్మ అనే గబ్బిలం ఉండేది. దాని పొట్టను కరుచుకుని ఒక పసిపిల్ల. తిండి లేక తల్లికి పాలు ఎండిపోయాయి. పిల్ల ఏడుపు కూడా సన్నబడిపోయింది.

"ఇవాళ నేనేదైనా తినకపోతే ఇది బతకదు" అనుకుని, గద్దలూ కొంగలూ గూళ్ళకు చేరాక, రివ్వమ్మ సందెవెలుగులో వరిమళ్ళ మీదికి ఎగిరింది.

తొలకరి పడింది. మళ్ళు నిండాయి. కప్పల పెళ్ళిచూపులు మొదలయ్యాయి. వాటి పెళ్ళిచూపులు ఎలా ఉంటాయో తెలుసా? ఎవడి గొంతు ఎక్కువ దూరం వినిపిస్తే వాడికే పెళ్ళికూతురు. బుర్రలో ఏమీ లేకపోయినా ఫరవాలేదు, అరవడం వస్తే చాలు!

ఆ కప్పల్లో ఢంకన్న అందరికంటే గొప్పవాడు. ఆ మాట అన్నదీ వాడే. గొంతు బుడగలా ఉబ్బించి ఒకటే అరుపు.

"బెకబెక! నేను ఢంకన్నని! తూము పక్కనున్నాను! నా అంత లావుపాటివాడు ఎవడైనా ఉన్నాడా?"

రివ్వమ్మ కిందికి చూసింది. మట్టీ కప్పా ఒకటే రంగు. ఏదో కదిలినట్టనిపించి గబుక్కున దూకింది. నోట్లోకి బురదముద్ద వచ్చింది. మళ్ళలోని కప్పలన్నీ పొట్టలు పట్టుకుని నవ్వాయి.

"ఏమే తోలుపిట్టా, బురద రుచిగా ఉందా?" అన్నాడు ఢంకన్న. "ఓహో, నా పాట వినడానికి వచ్చావా? పాట వినాలంటే చెవులుండాలే, పిచ్చిమొహమా! అవి చెవులా, చింతగింజలా?"

రివ్వమ్మకు ఒళ్ళు మండిపోయింది. పొట్టమీద పిల్ల ఇంకోసారి సన్నగా మూలిగింది. రివ్వమ్మ వెళ్ళి తుమ్మకొమ్మకు తలకిందులుగా వేలాడింది.

"పాడు నాయనా, పాడు. వింటాను" అంది.

వింటానంటే ఢంకన్న ఆగుతాడా! మళ్ళీ అందుకున్నాడు. రివ్వమ్మ కళ్ళు మూసుకుని చెవులు ముందుకు సాగదీసింది. ఇంకా సాగదీసింది. వింటున్న కొద్దీ దానికి నవ్వొచ్చింది. "వీడెక్కడున్నాడో వీడే చెబుతున్నాడు. ఎంత లావున్నాడో కూడా చెబుతున్నాడు. నేను వెతకడమెందుకు?"

ఇంతలో దగ్గర్లోనే "కుర్ర్ర్ర్" అని ఇంకో గొంతు వినిపించింది. ఆకలిమీదున్న రివ్వమ్మ రివ్వున వెళ్ళి దాన్ని పట్టుకుంది. అది ఒళ్ళంతా పొక్కులున్న కప్ప. ఆ పొక్కుల్లోంచి కారిన చేదుకు నాలుక కాలిపోయింది. "థూ! థూ!" అని ఊసేసింది.

"కళ్ళే కాదు, బుద్ధి కూడా లేదా నీకు?" అని కసిరింది పొక్కుల కప్ప. "నన్ను తిన్నవాళ్ళెవరైనా బాగుపడ్డారా? నా గొంతు గుర్తుపెట్టుకుని తగలడు!"

రివ్వమ్మ గుర్తుపెట్టుకుంది. మళ్ళీ కొమ్మకు వేలాడింది. ఈసారి తొందరపడలేదు. ఏది కుర్రుమంటోంది, ఏది బెకబెకమంటోంది, ఏ గొంతు ఎటునుంచి వస్తోంది, అన్నీ విడదీసి వింది. సాగదీసి సాగదీసి దాని చెవులు తలమీద ఆకుల్లా నిలబడ్డాయి.

"బెకబెక! తూము పక్కనున్నాను!" అన్నాడు ఢంకన్న. "వింటున్నావా తోలుపిట్టా?"

"విన్నాను" అంది రివ్వమ్మ, వాడి నెత్తిమీదనుంచే.

పాట సగంలో ఆగిపోయింది.

ఆ పూట రివ్వమ్మ కడుపు నిండింది. పాలు పడ్డాయి. పిల్ల చప్పరించి చప్పరించి నిద్రపోయింది. అది పెద్దయ్యాక తల్లి దాన్ని అదే తుమ్మకొమ్మ మీదికి తీసుకొచ్చి, "కుర్రుమంటే వదిలెయ్. బెకబెకమంటే వెళ్ళు" అని నేర్పింది. ఆ పిల్లను చూసి గుహలో గబ్బిలాలన్నీ చెవులు సాగదీయడం నేర్చుకున్నాయి.

మరి కప్పలు? పాట ఆగిన ఆ సందెవేళే అన్నీ వణుకుతూ ఒట్టు పెట్టుకున్నాయి. "ఇక నోరు విప్పొద్దు. విప్పితే చస్తాం." మళ్ళన్నీ నిశ్శబ్దమైపోయాయి. పాపం, ఇప్పటికైనా బుద్ధొచ్చిందనుకున్నారా? కాసేపటికే గట్టు కింద ఒకడికి గొంతు దురదపెట్టింది.

"బెక! ఢంకన్న పోయాడుగా, ఇక గొప్పవాణ్ణి నేనే! తూము పక్కకే వచ్చాను!"

అప్పటినుంచే కప్పల్ని వేటాడే గబ్బిలాలకు అంతంత చెవులు. అప్పటినుంచే గబ్బిలం నీడ పడగానే మళ్ళలో కప్పలన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకుంటాయి. నీడ దాటిందో లేదో, నేనిక్కడున్నానంటే నేనిక్కడున్నానని మళ్ళీ మొదలుపెడతాయి.