ఓడ మీద గిరి

పూర్వం ఒక రాజ్యంలో, అప్పిచ్చినవాడు బాకీదారు చుట్టూ గిరి గీస్తే, బాకీ తీరేదాకా అతను దాటకూడదు. దాటితే తల పోయేది. గీసినవాడే చెరిపినా, బయటికి లాగినా బాకీ రద్దు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గాని, అప్పట్లో గడగడలాడేవాళ్లు.

తాళ్లు పేనే జోగులు బాకీ తీర్చలేక పరాయి దీవికి పోయాడు. అక్కడి సంపాదన పొట్టకే చాలేది. ఇంటికి తిరిగిపోదామంటే ఓడ కిరాయి ఏనాడూ కూడలేదు. తన భాషలో పలకరించే దిక్కులేక, పేనే తాడుతోనే మాట్లాడుకునేవాడు.

ఒకనాడు అప్పిచ్చిన సిరిపతి శెట్టి సొంత ఓడలో సరుకుతో ఆ రేవుకే వచ్చాడు.

"దొరికావురా దొంగా!" అంటూ ఇసుకలో గిరి గీయబోయాడు.

"పరాయి రాజు నేల మీద మన గిరి చెల్లదు శెట్టిగారూ. మీ ఓడ మీద మన రాజుగారి జెండా ఉంది, అక్కడ గీయండి" అన్నాడు జోగులు.

దాచిన డబ్బు భయపడి కక్కుతాడని మురిసిపోయి, శెట్టి అతన్ని ఓడెక్కించి సుద్దతో గిరి గీశాడు. జోగులు అందులో చతికిలపడ్డాడు. ఓడ స్వదేశానికి కదిలే వేళయింది.

"డబ్బు లేకపోతే దిగిపోరా!"

"దాటితే తల పోతుంది బాబూ. మీరే చెరిపేయండి."

శెట్టి చెరపలేదు. ఓడ కదిలింది. దారి పొడవునా తిట్టి తిట్టి అలిసిపోయి ఆగాడు.

"ఇంకొంచెం తిట్టండి బాబూ" అన్నాడు జోగులు, కళ్లు తుడుచుకుంటూ. "మన మాట విని ఎన్నేళ్లయిందో."