వీపు తిప్పి కూర్చున్న వాసెనమ్మ

వాసెనపాడులో బస్సు దిగిన భక్తునికి ఎవరూ దారి చెప్పనక్కరలేదు. ఉడుకుతున్న మినప్పిండి వాసనే చెయ్యి పట్టుకుని గుడికి తీసుకుపోతుంది. ఊరి మీద మబ్బు కనిపిస్తే అది వానమబ్బు కాదు, అమ్మవారి వంటశాల ఆవిరి. గర్భాలయంలో అమ్మ ముఖం చూపదు. మనకు వీపు తిప్పి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమెకూ మనకూ నడుమ మూతికి గుడ్డ కట్టిన రాతికుండ ఉంటుంది. ఆ గుడ్డ కట్టునే వాసెన అంటారు.

పూర్వం ఇక్కడ గానుగలపాడు అనే ఊరుండేది. ఇంటికొక గానుగ. ఆ ఊరివారు నూనెతోనే చేతులు కడుక్కునేవారు. పొయ్యి మీద మూకుడు తప్ప మరొకటి ఎరుగరు. ఆ ఊళ్లో అచ్చియమ్మ అనే అత్తగారు వీధిలో నిలబడి కోడలిని కేకేస్తే వాగు అవతల గేదెలు మేత మానేసేవి. అంతటి అచ్చియమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమా? ఇంటికప్పు మీద వాలిన కాకులు కాళ్లు కాలి ఎగిరిపోయాయి. జ్వరమైతే దిగింది గాని నోట మాట పోయింది. గారె పెట్టినా, బూరె పెట్టినా కడుపులో నిలవలేదు.

కాపురానికి వచ్చిన నాటినుంచి కోడలు గవరమ్మ తిట్లు తినని పూట లేదు. అటువంటిది ఇల్లు నిశ్శబ్దమయ్యేసరికి ఆమెకు గుండె జారిపోయింది. వైద్యుడు నాడి చూసి, "నూనె తగలకూడదమ్మా. ఆవిరి మీద ఉడికింది ఈ పొద్దు గుంకేలోగా కడుపులో నిలవాలి. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు" అని చెప్పి, కుండకు వాసెన కట్టే పద్ధతి చూపి వెళ్లాడు.

గవరమ్మ మినప్పప్పు రుబ్బిన ఊపుకు కొండ మీద బండలు దొర్లాయి. గుడ్డ మీద పిండి పోసి మూత పెట్టింది. కాని మూకుడు దగ్గర పెరిగిన చెయ్యి ఊరుకుంటుందా? గారె తిప్పకపోతే మాడుతుంది కదా అని మూత తీసింది, గరిటెతో కదిపింది, మళ్లీ తీసింది. ఆవిరంతా పోయి పిండి పిండిగానే మిగిలింది. మరో వాయి పోస్తే అదీ అంతే. పొద్దు వాలుతోంది. గిన్నెలో ఇంకొక్క వాయికే పిండి ఉంది.

దిక్కుతోచక పొయ్యి పక్కనే సోలిపోయి కునుకు తీసింది. కలలో ఒక పెద్దముత్తైదువ కనిపించింది.

"ఏమే పిల్లా, నేను లోపలికి వచ్చినప్పుడల్లా తలుపు తీసి వెళ్లగొడతావేమే?"

"నువ్వెవరివమ్మా?"

"ఆవిరిని. నువ్వలా తొంగిచూస్తుంటే నా పని సాగదు. ఇదిగో, ఇలా కూర్చో" అని ఆమె పొయ్యికి వీపు తిప్పి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని చూపింది.

గవరమ్మ లేచి ఆఖరి పిండి పోసి, మూత పెట్టి, వీపు తిప్పింది. ఆమె చేతులు మూత కోసం ఎంతగా గుంజాయంటే, కొంగుతో కట్టేసుకోవలసి వచ్చింది. కమ్మని వాసన ముక్కుకు తగిలాకే మూత తీసింది. లేచిన ఆవిరికి కొండ కనబడకుండా పోయింది. కుండ మీద నిండు చందమామ లాంటి కుడుము.

అచ్చియమ్మ ముక్క నమిలింది. మింగింది. కడుపులో నిలిచింది. ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆమె పెదవులు కదిలాయి.

"ఉప్పు తక్కువైంది. మీ అమ్మ నేర్పిన వంట ఇదేనా?"

గవరమ్మ గోడకు చేరగిలబడి ఏడుస్తూనే నవ్వింది. "రేపు సరిగ్గా వేస్తానులే అత్తా. అప్పుడు ఇంకోదానికి తిట్టు."

వాగు అవతల గేదెలు మేత మాని తలలెత్తాయి.

ఆ పొయ్యి ఉన్నచోటే అమ్మ వెలిసింది. ఊరి పేరు వాసెనపాడైంది. నేటికీ జబ్బుపడి లేచినవారిని ఇంటివారు ఇక్కడికి తెస్తారు. వాసెన కుండలో కుడుమో, ఇంటినుంచి తెచ్చుకున్న పాత్రలో ఇడ్లీయో వండుతారు. మూత పెట్టాక వండినవారు వీపు తిప్పి కూర్చోవాలి. ఉప్పు కావాలనే తగ్గిస్తారు. తిని, బాగుందని మర్యాదకు చెప్పినవారిని పూర్తిగా కోలుకోలేదని పూజారి ఇంకో పూట ఉండమంటాడు. వంక పెట్టినవారికి మాత్రం గంట కొడతాడు. రాలేనివారు ఇంట్లోనే ఇలా వండి పెట్టినా అమ్మ అనుగ్రహం అంతే దక్కుతుంది.

గంట మోగాక గుడిమెట్ల మీద అత్తలు సణుగుతూ ముందు నడుస్తుంటే, కోడళ్లు ఖాళీ గిన్నెలతో, తేలికపడిన గుండెలతో వెనుక దిగి రావడం ఏ ఉదయమైనా చూడవచ్చు.