ఇనుప జటాయువు

సామర్లకోట దగ్గర ఒక ఊళ్ళో బసవయ్య అని గేట్లు, గ్రిల్సు చేసే ఆయన ఉండేవాడు. మంచి పనివాడే, మనసూ మంచిదే, కానీ ఒకసారి అనుకున్నది మార్చుకోవడం మాత్రం ఆయనకు బొత్తిగా చేతకాదు. పెళ్ళి భోజనంలో పప్పుతో మొదలుపెడితే పెరుగు వచ్చేదాకా పప్పే కలుపుకునే రకం.

ఆయన వంశంవాళ్ళు తోలుబొమ్మలు ఆడించేవారు. ఆటలు తగ్గిపోయాక బసవయ్య వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. తీరిక దొరికినప్పుడల్లా వెనక షెడ్డులో కూర్చుని ఇష్టంగా ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, కరెంటుతో నిప్పు చిమ్మే టార్చి ఆ గీతల వెంటే తిరిగి ఇనుపరేకును కోసేస్తుంది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. ఆయన స్నేహితుడు, కరెంటు ప్యానెల్ బోర్డులు బిగించే ఏసుబాబు మాత్రం పెదవి విరిచాడు.

"టార్చికీ రేకుకీ మధ్య సందు ఎప్పుడూ ఒకేలా ఉండాలిరా. వేడికి రేకు ఉబ్బుతుంది. సందు మారితే మంటలో వోల్టేజీ కూడా మారుతుంది. ఆ మార్పు చూసి టార్చిని దానంతటదే పైకీ కిందికీ జరిపే పెట్టె ఒకటుంది. అది పెట్టుకో" అన్నాడు.

"లెవెలు చూసి నేనే బిగించాను. ఇక దాన్ని కదిపేది లేదు" అన్నాడు బసవయ్య. "కదిలే చేత్తో కోస్తే కోత తిన్నగా వస్తుందా ఎక్కడైనా?"

చిన్న చిన్న పూలూ, ఇంటి పేర్లూ కోసినన్నాళ్ళూ ఆయన మాటే చెల్లింది.

ఒకరోజు ఆయన మేనత్త వెంకాయమ్మ షెడ్డుకు వచ్చింది. బసవయ్య తండ్రి చేసిన బొమ్మల్లో మిగిలింది ఒక్క జటాయువే. అదీ చివికిపోయి ఒక రెక్క రాలిపోయింది. రాలిన రెక్కలో ఈకలు ఎలా ఉండేవో తెర వెనక పాట పాడిన వెంకాయమ్మకు ఒక్కదానికే గుర్తుంది. ఆవిడ చూపేమో రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇక ఆపలేమని డాక్టర్లు చెప్పేశారు. కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని ఆ ఈకలన్నీ గీసి తెచ్చింది.

"బడిలో కొత్త హాలు కట్టారు కదా, నువ్వు ఈ పక్షిని ఇనుపరేకులో కోసిస్తే దాని గుమ్మం పక్కన నిలబెడతామన్నారు. నాకు చూపు ఉండగానే మీ నాన్న పక్షిని రెండు రెక్కలతో చూడాలిరా బసవా" అంది.

"చూపిస్తానత్తా" అన్నాడు బసవయ్య. ఆ మాట ఆయన తేలిగ్గా అనలేదు.

పల్చటి పెద్ద రేకు పరిచి యంత్రం నడిపించాడు. మొదటి రెక్కలో సగం ఈకలు అందంగా తెగాయి. అంతలో వేడికి రేకు పొంగి పైకి లేచింది. బిగించిన టార్చి బిగించినట్టే వెళ్ళి దానికి గుద్దుకుని ఆరిపోయింది. బసవయ్య పళ్ళు బిగించి రేకు చుట్టూ క్లాంపులు వేశాడు. అంచులు కదల్లేదు గానీ నడుమ ఉబ్బింది. నడుమ బరువుకి దాగలి, ఆ ఇనుప దిమ్మ తెచ్చి పెట్టాడు. దాగలికి అటూ ఇటూ ఉబ్బింది. తడిగుడ్డలు పరిచాడు, తిట్టాడు, మళ్ళీ కోశాడు. పాడైన రేకులు గోడ వారన పేరుకుపోయాయి. టార్చిని మాత్రం కదపలేదు.

వెంకాయమ్మ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేది. ఒకనాడు పాడైన రేకు ఒకటి దగ్గరికి లాక్కుని చేత్తో తడిమింది.

"ఈక ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. నా చూపు అంత పోయిందా, నీ కోతే అలా ఉందా?"

బసవయ్య ఆ రేకును ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. "నా కోతేనత్తా" అన్నాడు.

ఆవిడ ఒకసారి పాత బొమ్మను వెలుతురులో చూపించమంది. పెరట్లో తీగ మీద తెల్లటి పంచె ఆరుతోంది. బసవయ్య దాని వెనక నిలబడి తోలుబొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకున్నాడు. వెనకనుంచి ఎండ పడి ఉన్న ఒక్క రెక్కా మెరిసింది. గాలికి పంచె ముందుకు ఉబ్బింది, వెనక్కి వాలింది. బొమ్మ మాత్రం గుడ్డను వదల్లేదు.

"నీ చెయ్యి ఆట మర్చిపోలేదురా. తెరతోపాటే కదులుతోంది" అని నవ్వింది వెంకాయమ్మ.

బసవయ్య తన చేతికేసి చూసుకున్నాడు. పంచె ముందుకు పోతే చెయ్యి ముందుకు పోతోంది. వెనక్కి వస్తే వెనక్కి వస్తోంది. బొమ్మ చెదరకుండా ఉన్నదే అందువల్ల. చిన్నప్పుడు తండ్రి దెబ్బలు వేసి మరీ నేర్పిన పని అది. ఇన్నాళ్ళూ అదే పనిని యంత్రానికి వద్దన్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నేరుగా ఏసుబాబు ఇంటికి నడిచాడు.

"ఆ పెట్టె కావాలిరా" అన్నాడు.

"లెవెలు చూసి బిగించావుగా?"

"బిగించాను. బిగించడమే తప్పయింది. వస్తావా రావా?"

ఏసుబాబు చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ కలిసి పెట్టె బిగించారు. అదీ వెంటనే దారికి రాలేదు. మలుపుల దగ్గర టార్చి నెమ్మదించగానే మంట తీరు మారేది. సందు పెరిగిందనుకుని పెట్టె టార్చిని కిందికి దించేసేది. పాత బసవయ్య అయితే పెట్టెను పీకి అవతల పడేసేవాడు. ఇప్పుడు కూర్చుని ఓపికగా దాని అమరిక మార్చాడు, కోసి చూశాడు, మళ్ళీ మార్చాడు. మలుపుల్లో కదలకుండా ఉండడం, తిన్నటి గీత రాగానే మళ్ళీ రేకును అనుసరించడం దానికి అలవాటు చేశాడు. చివరికి రేకు లేస్తే టార్చి లేచింది, వాలితే వాలింది. పక్షి మొత్తం తెగేదాకా మంట ఆరలేదు.

ఉబ్బిన రేకును సుత్తితో మెల్లగా సాపు చేసి, బడి హాలు గుమ్మం పక్కన నిలబెట్టారు. మర్నాడు పొద్దున్నే బసవయ్య మేనత్తను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. పక్షి వెనక ఎండ పడుతోంది. వెంకాయమ్మ ముఖం దగ్గరగా పెట్టి ఒక్కో ఈకలోంచి వచ్చే వెలుగును చూసుకుంటూ పోయింది.

"రెండో రెక్క కూడా ఉందిరా" అంది చివరికి. ఆవిడ కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

సాధించాలనుకున్నది మారకూడదు, దాన్ని సాధించడానికి మాత్రం అడుగడుగునా మనమే మారుతూ పోవాలి, పట్టుదల అంటే అదే.