సముద్రం దాటిన తాత డప్పు

కొండమడుగు అడవిలో పెళ్ళయినా, పేరంటమైనా, ఆఖరికి చిరుతపులిగారికి అజీర్తి తగ్గినా సరే, సింగారి మేక డప్పు మోగాల్సిందే. ఆ తోలు ఎవరిదని మాత్రం అడక్కండి. సరే, అడిగేశారు కాబట్టి చెబుతాను. అది సింగారి తాతదే! పండు ముసలివాడై, మునగాకు నమిలి నమిలి, కన్నుమూసే ముందు ఆ పెద్దాయన మనవరాలిని పిలిచాడు.

"అమ్మడూ, నేను ఈ కొండ దాటి ఎరగను. నా తోలుతో డప్పు కట్టి, నా చప్పుడైనా సముద్రం దాటించవే" అని మాట తీసుకున్నాడు.

అప్పట్నుంచీ అడవిలో దాన్ని డప్పు అనరు. తాత అంటారు.

అలాంటిది, మంచుదేశంలో పాటల పండగ, మీ బృందం రావాలి అంటూ ఓ కొంగ కబురు తెచ్చేసరికి సింగారి కాళ్ళు నేల మీద ఆగలేదు. బృందమంటే ఎందరనుకున్నారు? డప్పుకి సింగారి, పాటకి బోదురుకప్ప బోదురయ్య, సామాను మోతకీ వంతపాటకీ గంభీరం అనే గాడిద. అంతే.

"వంత కాదు, నేనే అసలు గాయకుణ్ణి" అని గంభీరం దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

తిమింగలం వీపెక్కి పదిహేను రోజులు పోయారు. రేవులో ఓ తెల్ల ఎలుగుబంటి ఆపింది.

"ఏం పని మీద వచ్చారు?"

"చప్పుడు చెయ్యడానికండీ" అంది సింగారి.

"ఎన్నాళ్ళుంటారు?"

"మీరు తరిమేదాకానండీ!" అన్నాడు గంభీరం.

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వి, పొండి పొమ్మంది.

వేదిక దగ్గర వీళ్ళకి ఎదురొచ్చినవాడు తెల్లనక్క. పండగ పెత్తనమంతా ఆయనదే. ఏడేళ్ళుగా ఆఖరి పాట కూడా ఆయనదే, అదీ ఒకే పాట. వినీ వినీ జనానికి విసుగెత్తి, ఈసారి ఆఖరి వంతు కొండమడుగు వాళ్ళకిద్దామన్నారు. నక్కకి లోపల కడుపు మండిపోతోంది. పైకి మాత్రం ఆ దేశపు మర్యాద ప్రకారం ముగ్గుర్నీ గట్టిగా కౌగిలించుకున్నాడు.

"అప్పుడే వదలకు అన్నయ్యా! ఇంకాసేపు, ఇంకాసేపు!" అన్నాడు చలికి గజగజలాడుతున్న గంభీరం.

సింగారి డప్పు తీసి ఒక దెబ్బ వేసింది. బొద్! మళ్ళీ వేసింది. బొద్! తడిసిన గోనెసంచిని కొట్టినట్టుంది. చలిగాలికీ మంచు తేమకీ తోలు సాగిపోయింది మరి. ఇంటి దగ్గరైతే ఏముంది, నాలుగు చితుకులు అంటించి, డప్పుని సెగకి చూపిస్తే తోలు బిగిసి ఖంగున పలుకుతుంది. డప్పు కాచకుండా ఆటకి దిగడం కొండమడుగులో ఎవరూ ఎరగరు.

"అయ్యా, కాస్త నిప్పు ఇప్పించండి. తాతని కాచుకోవాలి" అంది.

"నిప్పా! చాల్చాలు! వేదికంతా మంచుగడ్డ తల్లీ. మంట పెడితే అందరం కలిసి సముద్రంలో తేలతాం" అన్నాడు తెల్లనక్క.

ఆ మాట నిజమే. అందుకే సింగారికి ఒళ్ళు మరీ మండింది.

"అదుగో, ఎండ ఆ మంచుదిబ్బ కొస తాకేలోగా మీ డప్పు మోగాలి. మోగలేదా, ఆఖరి వంతు నాది, మీది తిరుగు ప్రయాణం. రూలు రూలే, నేనేం చెయ్యను చెప్పు!" అని పళ్ళికిలిస్తూ వెళ్ళాడు.

సింగారి తోలు మీద ఊదింది. రుద్దింది. గంభీరం వేడి పుట్టిస్తానని ఏకంగా దాని మీదే కూర్చోబోయాడు.

"లే మావా, లే! తాత మీదా కూర్చునేది?"

బోదురయ్యని సాయం అడుగుదామంటే ఆయన చలికి తట్టుకోలేక గంభీరం చెవిలో దూరి గుర్రుకొడుతున్నాడు. ఎండ దిబ్బ నడుము దాకా వచ్చేసింది. సింగారికి ఏడుపు ఆగలేదు.

"ఇంత దూరం తీసుకొచ్చి నిన్ను మూగవాణ్ణి చేశానే తాతా!"

"ఏడవకే కోడలా, నాకూ ఏడుపొస్తుంది. ఆ నక్క ఇంకోసారి వాటేసుకుంటే ఎంత బావుణ్ణు! ఏం బొచ్చు, ఏం వెచ్చదనం! పొయ్యి పక్కన పడుకున్నట్టుంది" అన్నాడు గంభీరం.

సింగారి చెవులు నిక్కాయి. పక్కకి చూస్తే, మంచుగడ్డ వెనక నుంచి ఓ తెల్లటి తోక కొస కదులుతోంది. దొరగారు పొంచి వింటున్నారన్నమాట! కళ్ళు తుడుచుకుంది. అమ్మ బాబోయ్, అంతలోనే ఎంత హుషారు!

"మావా, నీకో రహస్యం చెబుతాను, ఎవరితోనూ అనకు" అని ఊరంతా వినపడేలా మొదలెట్టింది. "తాత తన పాటలన్నీ ఈ తోలులోనే దాచాడు. దీన్ని పొట్టకి గట్టిగా హత్తుకుని ఈ వేదిక చుట్టూ మూడు చుట్లు పరిగెత్తినవాళ్ళకి అవన్నీ వచ్చేస్తాయట!"

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు గంభీరం నోరెళ్ళబెట్టి.

"చెబితే నువ్వు పాడతావని భయం. పద, అక్కడ గడ్డి ఉందేమో చూద్దాం."

డప్పు అక్కడే వదిలి అటు తిరిగారో లేదో, తెల్లనక్క దాన్ని లటుక్కున లాక్కుని పొట్టకి కరుచుకుని పరుగో పరుగు! ఒక చుట్టు. రెండు చుట్లు. ఇదీ ఆటలో భాగమేననుకుని దుప్పులు లేచి ఈలలు వేశాయి. మూడో చుట్టుకి నక్క ఒంట్లోంచి ఇడ్లీ పాత్రలోంచి వచ్చినట్టు ఆవిర్లు. వేదిక ముందు ఆగి, రొప్పుతూ నోరు తెరిచాడు. వచ్చింది ఆ పాత పాటే! జనం "అబ్బా" అని చెవులు మూసుకున్నారు.

"పాపం, అలిసిపోయారు. ఇటివ్వండి అన్నయ్యా" అని సింగారి డప్పు అందుకుంది. తోలు మీద చెంప ఆనించి చూసింది. వెచ్చగా ఉంది, బిర్రుగా ఉంది! ఎండ దిబ్బ కొసకి జానెడు దూరంలో ఉంది. పుల్ల ఎత్తి ఒక్కటేసింది.

ఖంగ్!

ఆ చప్పుడుకి బోదురయ్య గంభీరం చెవిలోంచి ఎగిరిపడి పాట అందుకున్నాడు. డండనక, డండనక! ఎలుగుబంట్లు నడుములు తిప్పాయి, దుప్పులు కొమ్ములూపాయి, గంభీరం గొంతెత్తితే ఎవరూ రాళ్ళు వెయ్యలేదు. తెల్లనక్క వద్దు వద్దంటున్నా కాళ్ళు వాటంతటవే గంతులేశాయి. ఆ గంతుల్లోనే సింగారి పక్కకొచ్చి రొప్పుతూ అడిగాడు.

"ఇంతకీ ఆ పాటలు నాకెందుకు రాలేదు?"

"పాటలు మా దగ్గరే ఉన్నాయి అన్నయ్యా. మా ఊళ్ళో చితుకుల మంట చేసే పని మీరు చేశారు, మీ రుణం తీర్చుకోలేం!"

నక్క మొహం చూడాలి అప్పుడు! సింగారి మాత్రం వాయిస్తూనే డప్పు మీదకి వంగి, "దాటావు తాతా, సముద్రం దాటావు" అంది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఎదుటివాడి చప్పుడు కాజేద్దామని ఆత్రపడి పరిగెత్తేవాడు, చివరికి దానికి సెగ పెట్టడానికే పనికొస్తాడు.